సంచిలో మిగిలిన చోటు

పొదుపుకీ ఆశకీ మధ్య గీత ఎక్కడ గీశావు స్వామీ అన్నది ఆమెకి పదకొండేళ్ళుగా ఉన్న సందేహం. పొద్దున్నే ఐదింటికి, డ్యూటీకి బయల్దేరే ముందు, వంటగది గూట్లో ఉన్న దేవుడి పటం ముందు రెండు నిమిషాలు నిలబడుతుంది. ఆ రెండు నిమిషాల్లోనే పిల్లల చదువులూ, అత్తగారి మోకాళ్ళూ, ఆయన కోపమూ అన్నీ దేవుడికి అప్పజెప్పేస్తుంది. ఇంక చెప్పులేసుకోవాలి అనగా ఈ ప్రశ్న వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడుతుంది. అవసరమై ఒకటి కొంటే పొదుపు, సరే. చవకని పది కొంటే ఆశ, అదీ సరే. మరి ఆ పదీ ఇంట్లోవాళ్ళకే, అయినవాళ్ళకే పంచిపెడితే దాన్నేమంటారు? తనకంటూ ఒక్కటీ ఉంచుకోకపోతే ఆశ కూడా పుణ్యమైపోతుందా? దేవుడు వెంటనే జవాబు చెప్పే రకం కాదు. పాలగిన్నె మీద మూత సరిచేసి ఆమె బస్సుకి పరిగెత్తేది.

ఈ సందేహం పుట్టింది సంచి బేరం దగ్గర. ఆస్పత్రికి రెండు వీధుల అవతల ఒక సేవా సంఘం వాళ్ళ పాత సామాన్ల దుకాణం ఉంది. జనం వాడి వదిలేసిన బట్టలూ, బూట్లూ, గిన్నెలూ, బొమ్మలూ తెచ్చి ఊరికే ఇస్తారు. సంఘం వాళ్ళు అవి అమ్మి ఆ డబ్బు అనాథ పిల్లలకి ఖర్చు పెడతారు. మామూలు రోజుల్లో దేని ధర దానిది. గురువారం మధ్యాహ్నం మాత్రం గుమ్మంలో ఒక గోధుమరంగు గుడ్డ సంచి చేతికిస్తారు. అందులో ఎన్ని పడితే అన్ని. ఒక్కటి వేసుకున్నా, కుక్కి నింపుకున్నా సంచి ధర సంచిదే. షరతు ఒకటే, మూతి తాడు ముడిపడాలి. పడకపోతే పైనున్నది తీసి బల్ల మీద పెట్టాల్సిందే.

మిగతా ఆడవాళ్ళ సంచుల్లో పన్నెండో పదిహేనో పట్టేవి. ఆమె సంచిలో ఒకసారి ముప్పై ఒకటి పట్టాయి. ఆమె ఉద్యోగమే అది మరి. ఆస్పత్రి లాండ్రీలో, ఆవిరి యంత్రంలోంచి కాలిపోతూ బయటికొచ్చే దుప్పట్లని మడిచే బల్ల దగ్గర పదమూడేళ్ళుగా నిలబడుతోంది. ఏ గుడ్డలో గాలి ఎక్కడ దాక్కుంటుందో ఆమె వేళ్ళకి తెలుసు. కోటుని కాలరు దగ్గర్నుంచి చాపలా చుడుతుంది. మేజోళ్ళు బూట్లలోకి, బెల్టు సంచి అంచు చుట్టూ, టోపీ కడుపులో చిన్న గిన్నె. దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చునే రిటైరైన పంతులమ్మ ముడి లాగి చూసి, "వచ్చిందమ్మా సంచుల రాణి! నిన్ను వదిలేస్తే ఈ కొట్టుని కూడా మడిచి పెట్టేసుకుంటావు" అనేది. ఆ మాటని ఆమె బస్సులో కూర్చుని బెల్లంముక్కలా చప్పరించేది. పదమూడేళ్ళలో సూపర్‌వైజరు ఆమె మడతని ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు. ఇంట్లోనేమో మడతలు వాటంతటవే పడతాయని అందరి నమ్మకం.

ఆయనది ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. చెడ్డవాడేం కాదు, చెయ్యెత్తడు, తాగడు. మాటే కాస్త వెటకారం. "చవగ్గా ఇస్తే ఏనుగునైనా తోలుకొచ్చేలా ఉన్నావే. తొండం ఎలా మడుస్తావో చూడాలనుంది" అనేవాడు, పిల్లలు నవ్వేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది. అదే ముందుగదిలో కిటికీ పక్కన ఆయన వాయిదాల మీద కొన్న ఎక్సర్‌సైజు సైకిలుంది. మొదటి నెల ఆయన తొక్కాడు, తర్వాత నుంచి దాని మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. దాన్ని ఎవరూ ఏనుగు అనలేదు. అది కొత్తది. కొత్త వస్తువు ఎంత పనికిరాకపోయినా అది అవసరం, పాత వస్తువు ఎంత పనికొచ్చినా అది పిచ్చి. ఈ తేడా ఎవరు పెట్టారో ఆమెకి తెలీదు. అడగలేదు కూడా. అడిగితే సైకిలు మీదకి పోతుంది మాట, సైకిలు మీద నుంచి ఆయన జీతం మీదకి, అక్కణ్ణుంచి ఆమె పుట్టింటి దాకా పోతుంది. అంత దూరం వెళ్ళి తిరిగొచ్చే ఓపిక ఆమెకి ఏ సాయంత్రమూ ఉండేది కాదు.

నిజం చెప్పాలంటే ఆమెకి సంచి కంటే ఆ రెండు గంటలంటే ఇష్టం. రెండింటికి డ్యూటీ దిగుతుంది, నాలుగున్నరకి పిల్లలు బడినుంచి వస్తారు. మధ్యలో ఆ దుకాణంలో ఇది ఎందుకు, అది ఎంత అని అడిగేవాళ్ళు లేరు. ఇది బావుంది, ఇది వద్దు, అని తన చేతులు తామే చెప్పుకునేవి. ఇంట్లో కూర ఏమిటో అత్తగారు చెప్తారు, టీవీలో ఏం రావాలో ఆయన చెప్తాడు, లాండ్రీలో ఏ బండి ముందో సూపర్‌వైజరు చెప్తాడు. వారానికి రెండు గంటలు ఆమె చెప్పేది, వస్తువులు వినేవి.

సంచి ఇంటికొచ్చాక మొదలయ్యే పని గురించి మాత్రం ఎవరూ ఆలోచించలేదు, ఆమె కూడా. పాత బట్టలకి ఒక వాసన ఉంటుంది. కలరా ఉండలూ, ఎవరిదో సెంటూ, ఏళ్ళ తరబడి మూసి ఉంచిన బీరువా. అది వదలాలంటే వేడినీళ్ళలో నానాలి. నానబెట్టడానికి ఆదివారం తప్ప మరో రోజు లేదు. గురువారం నుంచి సంచి మంచం కింద చుట్టంలా పడుకుని ఉండేది. ఆదివారం పొద్దున్నే లేపి, నానబెట్టి, రుద్ది, మరకల మీద నిమ్మచెక్క పెట్టి, పిండి, ఆరేసి, ఊడిన గుండీలు కుట్టి, కదలని జిప్పులకి కొవ్వొత్తి రాసి, చిరిగిన అస్తరు తీసి కొత్తది వేసి, ఇస్త్రీ చేసి, ఇది ఆయనకి, ఇది ఆడపడుచు కూతురికి, ఇది ఎప్పటికైనా పనికొస్తుంది అని పంచి, చీటీలు రాసి పిన్నీసులు పెట్టేసరికి వీధి దీపాలు వెలిగేవి. ఆరు రోజులు జీతానికి చేసే పనినే ఏడో రోజు ఇంటికి మోసుకొచ్చి ఊరికే చేస్తోంది. ఆ సంగతి ఇంకొకరి గురించైతే ఆమెకి ఒక్క వారంలో తట్టేదే.

బుధవారం నాడు ఆవిరక్క అడిగింది.

ఆవిరక్కంటే ఆవిరి యంత్రం దగ్గర నిలబడే పెద్దావిడ. ఇరవై రెండేళ్ళుగా ఆ యంత్రం ముందు నిలబడి నిలబడి ఆవిడ పిక్కల మీద నరాలు తీగల్లా ఉబ్బాయి, అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఒక విడత యంత్రంలోంచి బయటికొచ్చాక మడతలు; పెద్ద దుప్పట్లు ఒక్కరి వల్ల కావు, రెండు వైపులా ఇద్దరు పట్టుకోవాలి. ఆవిడ అటు రెండు మూలలూ, ఆమె ఇటు రెండు మూలలూ పట్టుకుని, దగ్గరికొచ్చి అందించుకుని, మళ్ళీ వెనక్కి నడుస్తారు. రోజుకి మూడు వందలసార్లు మొహాలు దగ్గరికొస్తాయి. లాండ్రీలో కబుర్లన్నీ ఆ దగ్గరికొచ్చినప్పుడే, ముక్కలు ముక్కలుగా.

"ఏమేవ్, నీ ఆదివారం నాకు కావాలి" అంది ఆవిరక్క, మూలలు అందిస్తూ.

"ఏ ఆదివారం అక్కా?"

"వచ్చేదే. నా మంగళవారం ఒకటి పట్టుకుపోయావు, గుర్తుందా?"

గుర్తు లేకేం. ఏడేళ్ళ కిందటి మాట. పిల్లాడికి రెండేళ్ళు, జ్వరం తలకెక్కి ఇదే ఆస్పత్రి మూడో అంతస్తులో పడుకోబెట్టారు. సెలవులు అయిపోయాయి, రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటానన్నాడు అప్పటి సూపర్‌వైజరు. ఆవిరక్కకి వారానికి ఒక్క సెలవు, మంగళవారం. ఆదివారం యంత్రం ఆగదు కాబట్టి ఆవిడకీ ఆదివారం లేదు. ఆ మంగళవారం ఆవిడ వచ్చి మడత బల్ల దగ్గర నిలబడింది. "ఊరికే కాదు లేవే. ఒక ఆదివారం నాకు బాకీ" అంది పోతూ పోతూ. ఆ తర్వాత రెండుమూడుసార్లు, "ఈ ఆదివారం ఏం చేస్తున్నావే?" అని అడిగింది కూడా. ఆమె ప్రతిసారీ, "సంచి ఉతకాలక్కా" అనో, "అస్తరు వెయ్యాలక్కా" అనో అంది. అది అడగడం కాదు, బాకీ గుర్తు చేయడమని ఆమెకి ఇప్పుడు తెలిసింది. అప్పుడు కూడా తెలుసేమో.

"ఏం పని పడిందక్కా ఆదివారం? ఆస్పత్రా? పెళ్ళా?"

"పనేం లేదు. పడుకుంటా."

దుప్పటి మధ్యలో ఆగిపోయింది. "పడుకుంటావా?"

"మా అబ్బాయీ, కోడలూ, పిల్లలూ ఆదివారం పొద్దున్నే కోడలి పుట్టింటికి పోతారు. చీకటి పడేదాకా ఇంట్లో పిల్లి కూడా ఉండదు. అంత ఖాళీ ఇంటికి తాళమేసి ఇక్కడికొచ్చి నిలబడతాను నేను. మంగళవారమేమో ఇల్లంతా జనం, అన్నీ నన్నే అడుగుతారు. ఒక్కసారి లోపల్నుంచి గడియ పెట్టుకుని పడుకోవాలనుందే. అంతే."

ఆమె వెంటనే సరే అనలేకపోయింది. ఆస్పత్రి అన్నా, పెళ్ళి అన్నా, చావు అన్నా తల ఊపేసేదేమో. పడుకోవడానికా? ఇంట్లో ఏమని చెప్తుంది? అలా అనుకున్నందుకు తన మీద తనకే ఒక రకంగా అనిపించింది. ఆవిడ ఎవరి కోసమైనా పరిగెత్తాలంటే తన దగ్గర ఆదివారం ఉంది, ఆవిడ ఊరికే పడుకోవాలంటే లేదన్నమాట.

"చూస్తానక్కా" అంది.

"చూడు, చూడు. చూడ్డానికేం, కళ్ళున్నాయిగా" అంది ఆవిరక్క. తర్వాతి దుప్పటి సగం మడిచాక, మొహం దగ్గరికొచ్చినప్పుడు, నవ్వకుండా అంది. "శుక్రవారం లోపల పేరు రాసుకుంటానన్నాడు సూపర్‌వైజరు. రేపు నువ్వు సంచి తెచ్చుకుంటే మాత్రం చెప్పెయ్. ఏమీ అనుకోను. మళ్ళీ అడగను కూడా."

గురువారం ఆమె దుకాణానికి వెళ్ళకుండా ఉండే వీల్లేదు. పిల్లాడి బడి బూట్లు ముందు పగిలి బొటనవేలు బయటికి చూస్తోంది, సోమవారం నుంచి బూట్లు లేకపోతే బయట నిలబెడతామన్నారు. కొత్తవి ఈ నెల కుదరవన్నాడు ఆయన. సైకిలు వాయిదా ఇంకా రెండున్నాయి. కాబట్టి బూట్లు ఒక్కటే, అని పటం ముందు నిలబడి దేవుడికి మాటిచ్చింది. బూట్లు తీసుకుని, పది నిమిషాల్లో బయటికి.

పది నిమిషాలు కూడా పట్టలేదు. నల్లవి, అడుగు అరగనివి, వేలు పెట్టి కొలిస్తే పిల్లాడి కాలికి వచ్చే ఏడాది దాకా సరిపోయేవి, మూడో గంపలోనే దొరికాయి. సంచి అడుగున పెట్టుకుంది. పెట్టుకున్నాక సంచిలోకి చూసింది. అదే ఆమె చేసిన తప్పు. అంత లోతు సంచిలో ఒక మూల రెండు బూట్లు, తప్పిపోయిన పిల్లల్లా. ఎలాగూ సంచి ధర ఇచ్చేదే కదా. బూట్లలోకి రెండు జతల మేజోళ్ళు పడతాయి, అవి చోటే తీసుకోవు. తీసుకుంది. మేజోళ్ళ పక్కన మగవాళ్ళ చొక్కా, కాలరు ఒక్కటే కాస్త నలిగింది, తిప్పి కుడితే కొత్తదే. చొక్కా చుట్టి ఒక పక్కన నిలబెడితే, ఆ ఖాళీ కొలిచి చేసినట్టు ఒక ఫ్లాస్కు. ఫ్లాస్కు ఇంట్లో రెండున్నాయి. కానీ ఒకదాని మూత కారుతుంది. అంచుకి అల్లిక ఉన్న బల్లగుడ్డ, మరక ఒక్క మూలే. పిల్లకి ఒక గౌను, వచ్చే ఏడాదికి. ఇంకో గౌను, ఆ పై ఏడాదికి. చుట్టూ ఆడవాళ్ళు తోసుకుంటున్నారు, ఆమె చేతులు మాత్రం తొందరపడకుండా, తడబడకుండా వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనసులో ఒక మూల ఆవిరక్క మొహం దగ్గరికొచ్చి వెనక్కి వెళ్తోంది. ఆదివారం పొద్దున డ్యూటీకి పోయి, రెండింటి తర్వాత నానబెట్టుకుంటే సరిపోదూ? సరిపోదని ఆమెకి తెలుసు. సరిపోతుందని చెప్పుకుంటూ పిల్లల బట్టల గుట్ట దగ్గరికి వెళ్ళింది.

గుట్ట పైనే ఉంది ఒక నీలం కోటు, మూడు నాలుగేళ్ళ పిల్లకి సరిపోయేది. చేతులు అలవాటుగా లోపలికి వెళ్ళి అస్తరు చూశాయి. పసుపు పూల గుడ్డ, అంచు వెంబడి సన్నటి చేతికుట్టు, చంక దగ్గర రెండు వరసలు, లాగినా ఊడకుండా. ఎవరో గానీ మహా ఓపిక గల మనిషి, అనుకుంది మెచ్చుకోలుగా. మిషను కుట్టు వేసినా ఎవరూ అడగరు. ఇంత పని చేసి ఇలా పారేసుకుంటారా, పాపం. ఇంకో నిమిషం పట్టింది ఆమెకి, ఆ పసుపు పూలు తన కూతురి పాత గౌనువని తెలియడానికి. జేబులో వేళ్ళు పెడితే పిన్నీసు తగిలింది. దానికి గుచ్చిన చీటీ మీద తన దస్తూరీలోనే ఉంది: చంటిదానికి, చలికాలం కోసం.

పిన్నీసు కూడా తియ్యలేదు. ఆడపడుచు తన కూతురికి ఒక్కసారి కూడా తొడగలేదన్నమాట. నిరుడు ఇదే కోటు చేతికిచ్చినప్పుడు, "వదినా, నీ ఓపిక్కి దండం పెట్టాలి" అంది. దండం పెట్టి, తీసుకెళ్ళి, మూటతో సహా ఇక్కడ పడేసి ఉంటుంది. అక్కడే నిలబడి ఆమె మరి ఎన్ని మూటలు అలా వచ్చి ఉంటాయో అని గుట్టలోకి చూసింది. వెతకలేదు. కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. ఆడపడుచు మాత్రం ఏం చేస్తుంది, అడిగిందా ఏమన్నా? వచ్చిందల్లా తీసుకుంది, మొహమాటానికి. కానీ ఆ అస్తరు వేసిన రోజు మాత్రం ఆమెకి బాగా గుర్తుంది. భోజనాలయ్యాక కూర్చుంటే దీపాలు పెట్టేవేళకి లేచింది, మెడ పట్టేసింది. "ఈ ఆదివారం ఏం చేస్తున్నావే?" అని ఆవిరక్క రెండోసారి అడిగింది ఆ వారమే. ఆవిడ నిద్రపోవాల్సిన ఆదివారం ఇదిగో, నీలం కోటు లోపల, పసుపు పూలతో, చేతికుట్టుతో ఉంది.

కోటుని మళ్ళీ గుట్ట మీద పెట్టింది. పెట్టేముందు పిన్నీసూ చీటీ తీసేసింది, ఎవరి పిల్లకైనా గుచ్చుకుంటుందని. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి సంచి విప్పింది. చొక్కా తీసింది. కాలరు తిప్పడం గంట. బల్లగుడ్డ మరక నానడానికి పూటంతా. గౌన్లు రెండూ, గుండీలు కొనుక్కొచ్చి కుట్టాలి. ఫ్లాస్కుకి కుట్టేదేం లేదు గానీ, దాన్ని పెట్టడానికి అలమరలో ఇంకేదో తీసి ఇంకెక్కడో సర్దాలి, ఆ ఇంకెక్కడో ఇప్పటికే నిండి ఉంది. ఒక్కొక్కటి తీసి పెడుతుంటే చేతులు మొరాయించాయి. చంటిపిల్ల దగ్గర్నుంచి మిఠాయి లాక్కుంటున్నట్టు ఒక్కో వేలూ విడిపించుకోవాల్సొచ్చింది. ఆమె పెట్టడమే తరువాయి, పక్కనున్న చేతులు వచ్చి ఎగరేసుకుపోయాయి. మేజోళ్ళ దగ్గర ఆగి, అవీ తీసేసింది. పిల్లాడికి మేజోళ్ళు ఇంట్లో పెట్టెడున్నాయి.

గల్లాపెట్టె దగ్గర పంతులమ్మ సంచి అందుకుని, తేలిగ్గా లేచిపోయేసరికి తూలి, లోపలికి తొంగి చూసింది.

"ఇదేంటమ్మా, రాణి గారి సంచిలో ఒక్క జత బూట్లా! ఇంకా గంట టైముంది, వెళ్ళి నింపుకో. నేనెక్కడికీ పోను."

"చాలండి."

"ధర సంచిదేనమ్మా. ఒకటైనా అంతే, ముప్పై అయినా అంతే. బూట్లు విడిగా రేపొచ్చి కొనుక్కుంటే ఇందులో సగానికొస్తాయి."

"రేపు రావడానికి కుదరదండి. ఇదిగోండి డబ్బు."

వెనక వరసలో గంపెడు బట్టలతో నిలబడ్డ ఒకావిడ ఇదంతా వింటోంది. ముందుకి వంగి, రహస్యంలా అడిగింది. "అక్కా, మిగతా చోటు నాకివ్వకూడదూ? నా సంచి ముడిపడట్లేదు. నీదెలాగూ ఖాళీయేగా!"

ఇంకో గురువారమైతే ఆమె ఇచ్చేసేదే. ఇవ్వడమే కాదు, ఆవిడ బట్టలు కూడా తనే మడిచిపెట్టేది. నోటి దాకా వచ్చింది, ఇలా ఇవ్వమ్మా అని.

"ఖాళీ కూడా నేనే కొనుక్కున్నానమ్మా" అంది.

పంతులమ్మ కళ్ళజోడు మీదుగా చూసి పకపకా నవ్వింది. అడిగినావిడ మూతి తిప్పుకుంది. ఆమె సంచి తాడు ముడివేసి భుజాన తగిలించుకుంది. బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని, ఇంటికెళ్ళాక వెళ్ళొచ్చా అండీ అని అడగడం ఒకసారి, వెళ్తున్నాను అని చెప్పడం ఒకసారి మనసులో అనుకుని చూసుకుంది. రెండోది నాలుకకి కొత్తగా ఉంది.

బూట్లు పిల్లాడికి సరిగ్గా, ముందు బొటనవేలంత జాగాతో సరిపోయాయి. వాడు ఇల్లంతా టకటకా తిరుగుతుంటే అత్తగారు మంచం మీద నుంచి ఖాళీ సంచిని పట్టుకుని పైకీ కిందికీ చూశారు.

"ఒంట్లో బాలేదా అమ్మాయ్?"

"బానే ఉంది అత్తయ్యా."

ఆయన బూట్లు తీసుకుని అడుగు వంచి చూశాడు. "సంచి డబ్బులిచ్చి ఇవొక్కటేనా తెచ్చింది? తెస్తే ఏనుగు, లేకపోతే చీమానా? ఇంకో నాలుగు పడేసుకోలేకపోయావా ఎలాగూ?"

పదకొండేళ్ళు ఎందుకు తెచ్చావన్నారు, ఈ ఒక్కరోజు ఎందుకు తేలేదన్నారు. ఆమె పళ్ళాలు పెడుతూ చెప్పింది.

"ఆదివారం నేను డ్యూటీకి వెళ్తున్నాను. ఆరింటినుంచి రెండింటిదాకా."

"ఓవర్‌టైమా?"

"కాదు. ఆవిరక్క బదులు."

"ఆవిడకేమైంది?"

ఇక్కడ ఒక చిన్న అబద్ధం చాలు. కాళ్ళ నొప్పి అంటే చాలు, అది అబద్ధం కూడా కాదు. ఆమె గూటి వైపు చూసింది.

"ఏం కాలేదు. పడుకుంటుందట."

ఆయన చెయ్యి పళ్ళెంలో ఆగింది. "ఆవిడ పడుకోవడానికి నువ్వు పోయి నిలబడాలా?"

"పిల్లాడి జ్వరానికి నా బదులు నిలబడిందిగా. ఆవిడ సెలవు రోజున."

"అది జ్వరం. ప్రాణం మీదకొచ్చింది."

"మనకి. ఆవిడకేం జ్వరం లేదు కదా అప్పుడు? అయినా వచ్చింది."

"ఆవిడ జీతం నీకిస్తారా ఏమన్నా?"

"ఆవిడ జీతం ఆవిడకే పడుతుంది."

"అంటే ఊరికే చేస్తావా ఎనిమిది గంటలు!"

"ఆదివారాలు ఊరికే చెయ్యడం నాకలవాటేనండీ" అంది ఆమె. దెప్పిపొడుపుగా అనలేదు. ఉన్నమాట ఉన్నట్టు అంది.

"మరి ఆదివారం ఇంట్లో ఉతుకుడూ అదీ..."

"ఈ వారం ఉతకడానికేం తేలేదుగా."

పిల్ల కిసుక్కుమంది. అత్తగారు మాత్రం నవ్వలేదు. నీళ్ళగ్లాసు చేత్తో పట్టుకుని ఎటో చూస్తున్నారు. అలాగే చూస్తూ అడిగారు.

"ఆవిడ... ఎంతసేపు పడుకుంటుందట?"

"ఎంతసేపు నిద్రపడితే అంతసేపు అత్తయ్యా. ఇంట్లో ఎవరూ ఉండరట."

"లోపల గడియ పెట్టుకునా?"

"పెట్టుకునే."

"హూఁ" అన్నారు అత్తగారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఆ ఒక్క అక్షరాన్ని చాలాసేపు అన్నారు. తర్వాత గ్లాసు కింద పెట్టి కొడుకు వైపు తిరిగారు. "ఆదివారం కూరలు నువ్వు తరుగు. పొయ్యి నేను చూసుకుంటా. నీకు తరగడం రాదంటావా, ఆ సైకిలు తొక్కడం వచ్చిందిగా, ఇదీ వస్తుంది."

శుక్రవారం ఆమె సూపర్‌వైజరు దగ్గరికెళ్ళి పేరు రాయించింది. ఆ రోజు దుప్పట్లు మడుస్తున్నంతసేపూ ఆవిరక్క, మొహం దగ్గరికొచ్చినప్పుడల్లా కళ్ళతో ఒకసారి నవ్వి వెనక్కి నడిచింది. శనివారం వెళ్ళేటప్పుడు యంత్రం గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "అయిపోయాక మా ఇంట్లో ఇచ్చేసి పో. సోమవారం తెరిచేది నేనే కదా" అంది.

ఆదివారం యంత్రం ముందు నిలబడ్డాక ఆమెకి తెలిసింది, మడత బల్ల ఎంత సుఖమైన చోటో. ఆవిరి మొహం మీదకి కొడుతుంది. తడి దుప్పటిని రెండు చేతులా పరిచి రోలర్ల మధ్యకి అందించాలి, ఒక్క అంగుళం వంకర పోయినా మళ్ళీ మొదటికే. ఆ విడత పూర్తయ్యేదాకా అడుగు కదిపే వీల్లేదు. పదింటికి మడమలు సలిపాయి. పన్నెండింటికి పిక్కలు రాయైపోయాయి. ఇరవై రెండేళ్ళు, అనుకుంది ఒకసారి. తర్వాత అనుకోలేదు, దుప్పట్లు వస్తూనే ఉన్నాయి. ఇల్లు కూడా ఒకసారి గుర్తొచ్చింది. ఈపాటికి ఆయన ఉల్లిపాయ దగ్గర కళ్ళు తుడుచుకుంటూ ఉంటాడని. నవ్వొచ్చింది. రెండింటికి గంట కొట్టగానే యంత్రం ఆపి, తాళమేసి, హాజరు పుస్తకంలో ఆవిరక్క గడిలో తన సంతకం పెట్టి బయటపడింది.

ఆవిరక్క ఇల్లు ఆస్పత్రి వెనక మూడో వీధిలో, మేడ మీద. మెట్లెక్కడానికి కాళ్ళు ఒప్పుకోలేదు, గోడ పట్టుకుని ఎక్కింది. తలుపు మూసి ఉంది. కిటికీకి దుప్పటి అడ్డం కట్టి ఉంది, వెలుతురు పడకుండా. గుమ్మం బయట ఒక్క జత చెప్పులు, మడమ దగ్గర అరిగిపోయినవి. తలుపు తట్టబోయి ఆగింది. లోపల్నుంచి గురక వస్తోంది. చిన్న గురక కాదు. ఎవరూ లేపరని నమ్మకం కుదిరిన మనిషి పెట్టే గురక, ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్ళీ మొదలై, దర్జాగా. రెండున్నర. మంచి ఎండ. వీధిలో ఎవరో బండి స్టార్టు చేశారు, గురక ఆగలేదు.

ఆమె తాళంచెవిని గలగలమనకుండా గుప్పిట్లో బిగించింది. ఇవ్వడానికి రేపుంది, కాస్త ముందెళ్తే సరి. చెప్పులు విప్పి రెండో చేత్తో పట్టుకుని, ఆ గురక వినిపించినంత మేరా ఒక్కొక్క మెట్టూ మెల్లగా దిగి వెళ్ళిపోయింది.